చల్లబడ్డాక చూసిన బండి

జనగామలో సూర్యాపేట రోడ్డు మీద ఖదీర్ షెడ్డుకు బోర్డు లేదు. ముప్పై ఏళ్లుగా దాని అవసరం పడలేదు. డీజిల్ బండికి ఏ జబ్బు చేసినా ఇటు మహబూబాబాద్, అటు భూపాలపల్లి దాకా డ్రైవర్లు ఆ రేకుల షెడ్డునే వెతుక్కుంటూ వచ్చేవారు. ఖదీర్ బండి చూసి ఒక మాట అన్నాడంటే, దాని మీద ఇంకొకరి మాట ఉండేది కాదు. ఆయన అబద్ధమాడే మనిషి కాడు, ఒకరి చెడు కోరే మనిషి అంతకన్నా కాడు. అయినా ఒక మనిషి నోటికాడి కూడు ఆయన మాట వల్లనే పోయింది.

ఖదీర్ పని నేర్చింది అబ్దుల్ బారీ ఉస్తాద్ దగ్గర. ఒకనాడు ఎండకు మరిగిపోయిన లారీ రేడియేటర్ మూత తిప్పబోయి, ఆవిరి ముఖాన కొట్టి, ఉస్తాద్ కుడి కన్ను పోగొట్టుకున్నాడు. ఆ రోజు నుంచి ‘ఇంజన్ చల్లబడనిదే చెయ్యి పెట్టకు’ అన్న మాట ఆ శిష్యులందరికీ ఆజ్ఞ అయింది. మిగిలినవాళ్లు మరిచారేమో గాని ఖదీర్ మరవలేదు. వచ్చిన ప్రతి బండినీ నీడకు తోయించి, బానెట్ ఎత్తి, గంటా రెండు గంటలు ఆరనిచ్చేవాడు. ఆ నియమం వల్ల ఆయన చేతులు ముప్పై ఏళ్లూ మచ్చ పడకుండా ఉన్నాయి. దానివల్లనే ఆయన ఒక్కసారి ఘోరంగా పొరబడ్డాడు కూడా.

నిరుడు మాఘమాసంలో ఒక ఆదివారం సుభాష్ తన ఏడు సీట్ల కారును షెడ్డుకు తెచ్చాడు. కంప్యూటర్ పెట్టి చూసే వీలులేని పాత రకం బండి అది. భూపాలపల్లి బొగ్గుబాయి దగ్గర ఒక కాంట్రాక్టరు ఆఫీసుకు కిరాయికి తిరిగేది. నర్సింహులపేట దగ్గరి తండా నుంచి వచ్చిన భోజ్యా నాలుగేళ్లుగా దాన్ని నడుపుతున్నాడు. ఆ రోజు అతనూ వెంట ఉన్నాడు. కార్ల అడ్డాకు పెద్దమనిషి బిక్షపతి, మరో ఇద్దరు డ్రైవర్లు అప్పటికే షెడ్డులో చాయ్ తాగుతున్నారు.

“ఖదీర్ భాయ్, లీటరుకు పదమూడు ఇచ్చే బండి తొమ్మిదికి వడ్డది,” అన్నాడు సుభాష్. “కడమ డీజిల్ యాడికి పోయింది? గీనె తాగిండా?”

భోజ్యా యజమాని వైపు చూడకుండా ఖదీర్‌తోనే మాట్లాడాడు. “అన్నా, నల్లపొగ కొడుతున్నది. బాయిలకెళ్లి పైకెక్కేటప్పుడు గుంజుతనే లేదు. ఈల ఏసినట్టు సన్నగ సప్పుడైతది. పొద్దుగాల మంచిగనే ఉంటది, అరగంట నడిచినంకనే గిట్లయితది.”

“ఈల ఏసేది బండి గాదు, దొంగ డీజిల్ కొననీకి డబ్బా పట్టుకొని రోడ్డు పక్కన నిలవడేటోడు,” అన్నాడు సుభాష్. చాయ్ తాగుతున్నవాళ్లు నవ్వారు.

ఖదీర్ నవ్వలేదు. బండిని నీడకు తోయించాడు. అది చల్లబడేదాకా ఆగి, పరీక్ష పద్ధతిగానే చేశాడు. టర్బో ఉన్న ఇంజన్‌లో, బయటికి పోయే పొగే ఒక చిన్న చక్రాన్ని తిప్పి, గాలిని రబ్బరు పైపుల గుండా లోపలికి బలంగా తోస్తుంది. ఆ దారిలో ఎక్కడ గాలి కారినా లోపల డీజిల్ పాలు ఎక్కువై, కాలక నల్లపొగగా పోతుంది. బండి బలం తగ్గి, డీజిల్ ఎక్కువ తాగుతుంది. ఈ సంగతి ఖదీర్‌కు కరతలామలకం. గాలి పీల్చే మూతికి టైరు వాల్వు అమర్చిన ఇనుప మూత బిగించాడు. కంప్రెసర్‌తో గాలి నింపాడు. పాత గడ్డం బ్రష్షును సబ్బు నీళ్లలో ముంచి ప్రతి పైపుకూ, ప్రతి క్లిప్పుకూ పూశాడు. గాలి కారితే అక్కడ బుడగ లేవాలి. ఎక్కడా లేవలేదు. ఫిల్టర్ దులిపి చూశాడు, శుభ్రంగానే ఉంది. ఇంజన్ నడిపి నిలబడ్డచోటనే రేసు ఇచ్చాడు. పొగ కొద్దిగానే వచ్చింది.

“బండిల ఏం లేదు సుభాషన్నా,” అన్నాడు.

భోజ్యా ముందుకు వచ్చాడు. “అన్నా, ఒక్కసారి నాతోటి రా. పాలకుర్తి గుట్టెక్కుదం. నువ్వే పక్కన కూసొని ఇను.”

“సబ్బు నురుగు అబద్ధమాడదు తమ్మీ,” అన్నాడు ఖదీర్.

ఖదీర్‌కు ఆ క్షణాన తెలిసింది ఎంత? చల్లగా, కదలకుండా, ఆగి ఉన్న బండిలో తనకు లోపం కనబడలేదు. అంతే. ఆయన అన్నది మాత్రం బండిలో లోపమే లేదని. తెలిసినదానికీ అన్నదానికీ నడుమ ఉన్న ఆ దూరంలోనే భోజ్యా పడిపోయాడు. బండితో రోజంతా బతికిన మనిషి అది ఎప్పుడు, ఎక్కడ, ఎట్లా మొరాయిస్తున్నదో పూసగుచ్చినట్టు చెప్పాడు. నింద మోస్తున్నవాడు గనుక అతని మాట సాక్ష్యానికి పనికిరాదని అక్కడున్న అయిదుగురూ అనుకున్నారు. ఖదీర్ కూడా అట్లాగే అనుకున్నాడు.

భోజ్యా తాళంచెవిని బానెట్ మీద పెట్టాడు. వెనక సీటులోంచి తన దుప్పటి, తువ్వాల తీసుకుని బస్టాండు వైపు నడిచాడు. భోజ్యాకు ఎవరూ బండి ఇవ్వొద్దన్న బిక్షపతి మాట సాయంత్రానికి అడ్డా దాటింది. భూపాలపల్లి దాకా ఎవరూ భోజ్యాకు స్టీరింగు ఇవ్వలేదు. ‘ఖదీరే చెప్పిండు’ అన్నారు. ఇంకో రుజువు ఎవరూ అడగలేదు.

ఆరువారాలు తిరిగేసరికి అదే కారు మళ్లీ షెడ్డుకు వచ్చింది. బొగ్గుబాయి కిరాయి భోజ్యా వెళ్లిన వారంలోనే పోయింది, అక్కడి ఆఫీసువాళ్లు వేరే బండి పెట్టుకున్నారు. అప్పటి నుంచి ఈ కారు జనగామ చుట్టుపక్కల పెళ్లిళ్లకు తిరుగుతున్నది. నడిపేవాడు ప్రకాశ్, సుభాష్ అక్క కొడుకు.

“ఎనిమిదిన్నరే ఇస్తున్నది చిచ్చా,” అన్నాడు ప్రకాశ్.

“మావోడు గసొంటోడు గాదు ఖదీర్ భాయ్,” అన్నాడు సుభాష్ వెంటనే. “బండిలనే ఏదో ఉన్నది. జర మంచిగ సూడు.”

అదే బండి, అదే పొగ. మైలేజీ ఇంకా పడింది. స్టీరింగు ముందు కూర్చున్న మనిషి మాత్రమే మారాడు. తండావాడు కూర్చుంటే దొంగతనం వెతికారు, మేనల్లుడు కూర్చుంటే లోపం వెతుకుతున్నారు. ఖదీర్‌కు ఆ తేడా అప్పుడు తట్టింది. ప్రకాశ్ షెడ్డు అలవాటు ప్రకారం బండిని నీడకు తోయబోతే ఆపాడు.

“వద్దు. చల్లబడనియ్యకు. పాలకుర్తి దిక్కు పోనియ్యి.”

గుట్ట ఎక్కుడు మొదలై, ప్రకాశ్ గేరు మార్చి తొక్కగానే బానెట్ కింద నుంచి సన్నని ఈల వినవచ్చింది. అద్దంలో వెనక రోడ్డు నల్లబడింది. భోజ్యా చెప్పింది చెప్పినట్టు జరుగుతున్నది. ఖదీర్ బండి ఆపించి, ఇంజన్ ఆడుతుండగానే బానెట్ ఎత్తాడు. ప్రకాశ్‌ను రేసు తొక్కమని, టర్బో నుంచి పోయే రబ్బరు పైపు కింది భాగాన్ని అరచేత్తో తడిమాడు. గాలి చెయ్యిని నెట్టింది. ఆ వెంటే పక్కనున్న ఇనుము అరచేతిని కాల్చింది. అయినా ఆ చోటును వేలితో గుర్తుపట్టేదాకా ఆయన చెయ్యి తీయలేదు.

కంటికి కనబడని అడుగు పక్కన, వేలెడంత చీలిక. చల్లగా ఉన్నప్పుడు గట్టిబడ్డ రబ్బరు దాన్ని మూసి పట్టేది. వేడికి మెత్తబడి, ఎక్కుడు మీద ఇంజన్ ఒరిగి పైపును లాగినప్పుడే అది నోరు తెరిచేది. షెడ్డుకు తెచ్చి పైపు విప్పి కోసి చూస్తే, చీలిక లోపలి పొరల్లో నూనెతో కలిసి గట్టిపడ్డ బొగ్గుపొడి ఉంది. బండి బొగ్గుబాయి వదిలి ఆరువారాలైంది. ఆ పొడి భోజ్యా నాటిది.

“అయిందేదో అయింది,” అన్నాడు సుభాష్, పైపు చూసి. “ఇప్పుడు గది కెలికితే నా ఇజ్జత్ పోతది, నీదీ పోతది. కొత్త పైపెయ్యి.”

ఖదీర్ కొత్త పైపు వేశాడు. పాత పైపును సంచిలో పెట్టుకుని మరుసటి రోజు మహబూబాబాద్ వెళ్లాడు. భోజ్యా, అతని భార్య బుచ్చి మిర్చి యార్డులో కూలికి పోతున్నారని తండావాళ్లు చెప్పారు. యార్డులో ఘాటుకు ఖదీర్ కళ్ల నుంచి ధారగా నీళ్లు కారాయి. భోజ్యా భుజాన బస్తాతో ఎదురయ్యాడు. బస్తా దించి, పైపును చూశాడు. చెప్పకుండానే అర్థమైంది.

“సబ్బు నురుగు అబద్ధమాడదంటివి గదనే,” అన్నాడు.

“ఆడలేదు భోజ్యా. బండి వేడి మీదున్న యాళ్లకు నేనే దాన్ని అడగలే. నువ్వు చెప్పింది ఇన్న, గని నమ్మలే. తప్పు నాది. మాఫ్ చెయ్యి.”

మిరపకాయల తొడిమెలు తీస్తున్న బుచ్చి లేచి వచ్చింది. “మంచిగున్నదన్నా. దొంగ అన్నది పది మంది నడుమ, కాదన్నది మిర్చి బస్తాల నడుమనా? గీ బస్తాలు పోయి ఊరికి చెప్తయా?”

“అడ్డా మీద చెప్తా అక్కా. రేపే చెప్తా.”

భోజ్యా పైపును ముట్టుకోలేదు. “నాకేం ఇయ్యకు అన్నా. నా స్టీరింగు నాకు ఇప్పియ్యి సాలు,” అని మళ్లీ బస్తా ఎత్తుకున్నాడు.

మరునాడు పొద్దున కార్ల అడ్డాలో అందరూ ఉన్న వేళ చూసి ఖదీర్ నిలబడ్డాడు. కాలిన చేతికి గుడ్డ చుట్టుకుని, కోసిన పైపును తెరిచి బొగ్గుపొడి చూపించాడు. ఏది ఎప్పుడు చూశాడో, ఏది చూడకుండానే మాట జారాడో వరుసగా చెప్పాడు. తనను తాను మినహాయించుకోలేదు.

ఒక డ్రైవర్ అన్నాడు: “గా పైపు గా బండిదేనని ఏం నమ్మకం భాయ్?”

“భోజ్యా కాళ్లమీద వడ్డడా ఏంది?” అన్నాడు ఇంకొకడు. “దిల్ కరిగిందా?”

“ప్రకాశ్ ముందటనే విప్పిన. అడుగుండ్రి,” అన్నాడు ఖదీర్.

ప్రకాశ్ అక్కడే ఉన్నాడు. మామను తలుచుకున్నాడు కాబోలు, చెప్పులతో నేల రాస్తూ, “పైపైతే మార్చిండు. గది పాతదో కొత్తదో నాకేమెర్క?” అన్నాడు.

బిక్షపతి నిదానస్తుడు. అందరి మాటలూ విని చివర తన మాట చెప్పాడు. “ఖదీర్ భాయ్, నీ మాట మీదనే ఆన్ని తీసేసినం. ఇప్పుడు గా మాట తప్పంటున్నవు. గట్లయితే గిప్పటి నీ మాట మీద ఆన్ని ఎట్ల పెట్టుకుంటం?”

ఆ తర్కంలో తప్పెక్కడుందో ఖదీర్‌కు తెలుసు. నిందకు చాలిన సాక్ష్యం నిర్దోషిత్వానికి చాలదనడం న్యాయం కాదు. కానీ ఆ మాట తన నోటితో ఎంత చెప్పినా, ఆ నోరే వాళ్లకు చెల్లకుండా పోయింది.

ఇప్పుడు ఖదీర్ ఏ బండినీ చల్లార్చి చూడడు. నడిపే మనిషిని ముందు మాట్లాడనిచ్చి, వేడి బండిలో అతని పక్కన కూర్చుని పోయి, ఆ తరువాతే బానెట్ ఎత్తుతాడు. అరచేతిలో కాలిన మచ్చ అట్లాగే ఉంది. షెడ్డుకు వచ్చే బండ్లు కొంత తగ్గాయి. డ్రైవర్ మీద అనుమానంతో వచ్చే యజమానులకు ఆయన పద్ధతి నచ్చడం లేదు.

భోజ్యా ఇంకా మహబూబాబాద్‌లోనే ఉన్నాడు. మిర్చి అయిపోయాక వడ్ల బస్తాలు మోస్తున్నాడు.

మొన్న సుభాష్ అడ్డాలో చాయ్ తాగుతూ పది మందికీ వినబడేట్టు అన్నాడు: “మా ప్రకాశ్ చెయ్యి వడ్డంక బండి మళ్ల పదమూడు ఇస్తున్నదే! ఇంకేం రుజువు గావాలె?”

అందరూ తలలూపారు. రోడ్డుకు ఇవతల తన షెడ్డులో, కొత్త పైపు తన చేత్తోనే బిగించిన ఖదీర్ ఆ మాట విని, పానా కింద పెట్టి రోడ్డు దాటి వెళ్లాడు. “పైపు మార్చినందుకు ఇస్తున్నది,” అని మళ్లీ చెప్పాడు. వాళ్లు విననట్టే ఆయనకూ ఒక చాయ్ చెప్పారు.