పండగకు ముందు తూచిన ఇప్పపువ్వు

ఇన్నేళ్లుగా నా గొంతుకు ఒక మాట అడ్డం పడి ఉంది. "అయ్యుండొచ్చు." ఎప్పుడో నేను అన్న మాటే. మింగలేను, కక్కలేను. ఈ రోజు మీకు చెప్పేస్తాను. కానీ ముందే చెబుతున్నా, నేను ఏడుస్తానని మాత్రం అనుకోకండి.

అప్పుడు ఖమ్మంలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేసేవాణ్ణి. భద్రాచలం అడవి అంచు ఊళ్లలో ఇప్పపువ్వు, చింతపండు తూచి కొనే కేంద్రాలకు బిల్లు కొట్టే ప్రోగ్రాం నాదే. అక్కడన్నీ పాత విండోస్ 98 కంప్యూటర్ పెట్టెలు. దాన్ని తయారుచేసిన కంపెనీయే వదిలేసింది, నేనొక్కణ్ణి ఎందుకు మోయాలి? ఏ చిన్న తేడా వచ్చినా బస్సెక్కి పోవాలి, రోజంతా అయిపోయేది. కొత్త వెర్షన్ ఆ పాతవాటి మీద నడుస్తుందా అని మా సార్ అడిగితే నడవదన్నాను. నడిచింది. అంతకుముందే నేనే పెట్టి చూశాను. అయినా పాత సిస్టం కనబడితే తెరుచుకోకుండా ప్రోగ్రాంలో ఒక లైను రాసి, కేంద్రాలన్నిటికీ సీడీలు పంపాను. పాతదాన్ని వదిలేయడం తప్పా? కాదు. ఇప్పటికీ కాదనే అంటాను. పాతవి మూలపడితేనే కొత్తవి కొంటారు. కొన్నారు కూడా.

నా తప్పు వేరే ఉంది.

నాగమణి ఒక కేంద్రంలో ఆపరేటర్. ఆ కోయగూడెంలో కంప్యూటర్ నేర్చిన మొదటి పిల్ల. అక్కడివాళ్లు కొత్త ఇప్పపువ్వుకు పండగ చేసుకున్నాకే తూకానికి తెస్తారు. ఆ ఏడు మేనేజరు తొందరపెడితే ఆమె పండగకు ముందే తన ఇంటి బస్తా తూచి బిల్లు కొట్టింది. మర్నాడు నా సీడీ వేసింది. ప్రోగ్రాం తెరుచుకోలేదు. భయపడిపోయి నాకు ఫోన్ చేసింది.

"సార్, పండగ గాకముందే తూచిన. గందుకే బందయిందంటున్నరు పెద్దలు. నా వల్లనేనా సార్?"

నిజం చెబితే నా అబద్ధం మా సార్ దాకా పోతుంది. ఆయుధపూజకు ఆఫీసులో కంప్యూటర్లకు బొట్లు పెడుతుంటే నవ్విన మనిషిని నేను. ఆ నేనే పోయి ఆ పిల్ల భయం వెనక దాక్కున్నాను.

"అయ్యుండొచ్చు" అన్నాను.

కొత్త కంప్యూటర్ బిగించడానికి మా సార్‌తో కలిసి నేనే వెళ్లాను. కుర్చీలో ఇంకెవరో ఉన్నారు. నాగమణి వరండాలో కూర్చుని బస్తాలు కుడుతోంది. ఎవరూ మాన్పించలేదట, తనే మానేసిందట. రమ్మని, నేర్పిస్తానని పిలిచాను. తన చెయ్యి మంచిది కాదని చెప్పి మళ్లీ దబ్బనం అందుకుంది. అప్పుడైనా చెప్పొచ్చుగా? పక్కన సార్ ఉన్నాడని ఊరుకున్నాను. సార్ లేకపోతే చెప్పేవాణ్ణా? ఏమో, నా మీద నాకు అంత నమ్మకం లేదు.

క్షమించమని ఎవర్నీ అడగను. అడిగే మొహం లేదు, ఇచ్చినా పుచ్చుకోను. ఒక్కటి మాత్రం మీ ముందు గట్టిగా చెబుతున్నాను. ఆ ఊరి పండగ ఏ పెట్టెనూ ఆపలేదు. నాగమణి చెయ్యి మంచిదే. ఆపింది నా చెయ్యి.