మాస్టారు మర్చిపోలేదు

నందిగామలో పాతికేళ్లు సామాన్యశాస్త్రం బోధించి, అంతకు మించిన శ్రద్ధతో మున్నేటిని సేవించిన రామకోటయ్య మాస్టారు గత మంగళవారం దివంగతులయ్యారు. జగ్గయ్యపేట బస్టాండులో ఉండగా ఫోనులో ఆ వార్త విని అక్కడి సిమెంటు బల్లమీద కూర్చున్నాను. ఇలాంటి వ్యాసాల్లో ఈ చోట ‘శోకసాగరంలో మునిగిపోయాను’ అని రాయడం మర్యాద. నేను మునగలేదు. నాకు మొదట కలిగింది ఊరట. నా తప్పు తెలిసిన ఒకే ఒక్క మనిషి వెళ్లిపోయాడన్న నీచమైన ఊరట. దాని వెనకే సిగ్గు వచ్చింది. అది ఇంకా పోలేదు.

తొంభైల చివర్లో, జగ్గయ్యపేట చుట్టుపక్కల కాలనీలకు మున్నేటి నీళ్లు సరఫరా చేసే ఒక కంపెనీలో ఇంజినీరుగా చేరాను. నందిగామ పక్కన ఏటి ఇసకలో మా ఊటబావులు, వాటి పక్కనే ఒక మడుగు. వేసవిలో ఏరు సన్నపాయలైపోతే చేపలన్నీ ఆ మడుగులోకే చేరతాయి. అవి తల్లిచేపలని, ఎండలు ముదిరిన దగ్గర్నుంచి తొలకరి దాకా అందులో వల వెయ్యకపోవడం అక్కడి జాలర్ల ఆచారం. నేను వచ్చేనాటికి ఇసక తవ్వకాలతో ఒడ్డు గుల్లయింది, రెల్లు పోయింది, మడుగు సగం పూడింది. మా బావుల్లో బురదనీళ్లు. తప్పు మీదంటే మీదని మేమూ జాలర్లూ కీచులాడుకుంటూ కాలక్షేపం చేస్తున్నాం.

అలాంటి రోజుల్లో మాస్టారు జాలర్ల పెద్ద నాగయ్యను వెంటబెట్టుకుని మా ఆఫీసుకు వచ్చారు. నాగయ్యకు కూడా కుర్చీ తెప్పించేదాకా ఆయన కూర్చోలేదు. “ఇసక ఉంటేనే ఊట, ఊట ఉంటేనే మీ మోటారు. ఇతనికి చేప కావాలి, మీకు నీళ్లు కావాలి. ఇద్దరూ బతకాల్సింది ఒక్క ఏటి మీదే గదయ్యా. వేసవంతా ఇతను వల మానుకుంటుంటే, నీళ్లు మరీ తగ్గిన నాలుగు రోజులు మీరు మోటారు మానుకోలేరా?” అన్నారు.

ఒప్పందం కుదిరింది. కంపెనీ యంత్రాలు మడుగులో పూడిక తీశాయి. ఊరివాళ్లు ఇసక లారీలను ఆపారు, ఒడ్డున రెల్లూ వట్టివేరూ నాటారు. మడుగు మధ్య బండరాయి నడుం దాకా బయటపడిందంటే మోటారు ఆగాలి. రోజూ పొద్దున్నే మాస్టారు వెళ్లి రాయి చూసి, అవసరమైతే గట్టుమీద వెదురుగడకు ఎర్రగుడ్డ ఎగరేస్తారు. అది కనిపిస్తే మా ఆపరేటరు సైదులు మోటారు కట్టేస్తాడు. కంపెనీకి కాగితమ్మీద ఎన్ని షరతులున్నా, ఏటి దగ్గర చెల్లింది ఈ గుడ్డ మాటే.

ఒకసారి మేం పైపులు వేసే దారిలో తీతువు గుడ్లు పెట్టింది. అది అపశకునం పిట్ట, గుడ్లు విసిరేద్దామన్నారు కూలీలు. “శకునం బాగోనిది దానికయ్యా. మనం ఎదురయ్యాం” అని మాస్టారు గొడుగు వేసుకుని అక్కడే కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకున్నారు. పైపు వంకర తిరిగి వెళ్లింది. మొక్కలు నాటి ఫొటో దిగి వెళ్లిపోయే మాబోటివాళ్లను చూసి ఆయన అనేవారు: “నాటిన చెయ్యి గొప్పది కాదు. మరుసటేడు చూడ్డానికొచ్చిన కాలు గొప్పది.”

ఇక నా సంగతి. రెండువేల సంవత్సరం దాటాక ఒక వేసవిలో మా పై అధికారులు అతిథులతో వస్తున్నారు, కాలనీల్లో రెండు రోజులు నీటికి లోటు రాకూడదని కబురు వచ్చింది. ఆ పొద్దున మాస్టారు గుడ్డ ఎగరేసి, టెన్త్ పేపర్లు దిద్దడానికి విజయవాడ వెళ్లారు. సైదులు డ్యూటీకి రాకముందే నేను గట్టెక్కి గుడ్డ దింపి నా సంచిలో పెట్టుకున్నాను. రెండు రోజులేగా అనుకున్నాను. ఉద్యోగంలో పైకి రావాలన్న ఆత్రం తప్ప నాకు వేరే సాకు లేదు.

మూడోనాడు మడుగంతా చేపలు తెల్లటి పొట్టలు పైకి తేలి ఉన్నాయి. జనం మూగారు. అప్పుడే బస్సు దిగి వచ్చిన మాస్టార్ని నాగయ్య అడిగాడు: “మాస్టారూ, గుడ్డ కట్టే ఎల్లారా అండి?” ఆయన గడ వైపు చూశారు. దాని తాడు చుట్టలు చుట్టి, కొసను మధ్యలోంచి దూర్చి, గడకు తగిలించి ఉంది. కేబుళ్లు అలా చుట్టడం నా అలవాటని ఆయనకు తెలుసు. నా మొహంలోకి ఒక్క క్షణం చూశారు. తర్వాత, “మర్చిపోయాన్రా నాగయ్యా” అన్నారు.

నేను నోరు విప్పలేదు. జనం వెళ్లిపోయాక ఆయనే అన్నారు: “వీళ్లకు నామీద కోపమొస్తే నాతో మాటలు మానేస్తారు. కంపెనీ మీద కోపమొస్తే ఏటి పని మానేస్తారు. ఈ సీజను దాటనీ. ఆ తర్వాత నువ్వే చెబుదువుగాని.” నిష్ఠూరమైనా ఆడలేదు. తిట్టినా బాగుండేది.

సీజను దాటింది. తర్వాత చాలా సీజన్లు దాటాయి. “ఇక మీకెందుకు లెండి, మావోళ్లు చూసుకుంటారు” అని జాలర్లు గుడ్డ బాధ్యత ఆయన దగ్గర్నుంచి తీసేసుకున్నారు. ఆయన మాత్రం రోజూ వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, చేసే పనేమీ లేకుండా గట్టుమీద నిలబడేవారు. ఏరు కోలుకుంది. రెల్లు ఎదిగింది, చేపలు తిరిగి వచ్చాయి, కంపెనీకి మంచిపేరు వచ్చింది. సన్మాన సభలో శాలువా నాకు కప్పారు. ఆయన వెనక వరసలో కూర్చుని చప్పట్లు కొట్టారు. ఎప్పుడు ఎదురుపడ్డా నా మొహంలోకి ఒకసారి చూసేవారు. నేను క్షేమసమాచారాలు అడిగి తప్పుకునేవాణ్ని.

మొన్న సంతాపసభలో నాగయ్య మాట్లాడాడు. “దేవుడులాంటి మనిషండి. ఆ ఒక్క యేడే మర్చిపోయాడు పాపం” అని కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత మైకు నా చేతికొచ్చింది. ‘నిష్కామ కర్మయోగి’ అన్నాను, ‘తీరని లోటు’ అన్నాను, దిగి వచ్చేశాను.

ఆయన మర్చిపోలేదు. గుడ్డ దింపింది నేను. ఇది రాయడానికి ఆయన చనిపోవాల్సి వచ్చింది. రాసి బరువు దించుకున్నాననుకుంటుండగానే మరో సంగతి తట్టింది: నాగయ్యకు చదువు రాదు. ఆ జాలర్ల గూడెంలో ఈ పత్రిక కొనేవారు లేరు. అంటే నా నేరాన్ని నేను వాళ్లకు తప్ప అందరికీ చెప్పుకుంటున్నాను. మాస్టారూ, మీ వంటి మనిషి మా ఏటి ఒడ్డున మళ్లీ పుట్టడు. మీకు నమస్కరించే అర్హత నాకింకా రాలేదు. రేపు పొద్దున్నే ఈ కాగితాలు పట్టుకుని నాగయ్య ఇంటికి వెళ్తున్నాను, చదివి వినిపించడానికి.