గోపయ్య ఎక్కించిన కొత్త క్యాసెట్టు

ఏన్కూరులో ఏ సభ జరిగినా మైకుసెట్టు గోపయ్యదే. నాయకుడు వచ్చేదాకా పాటలు వేయడం, వచ్చాక ఉపన్యాసాన్ని క్యాసెట్టులో రికార్డు చేయడం అతని అలవాటు. ఎమ్మెల్యేగారు ఇక్కడ వద్దన్న రెండు బిల్లులకూ హైదరాబాదులో చెయ్యెత్తారని పేపర్లో చదివాడు. మూడోది, అడవి కొట్టి సాగుచేసుకున్న పోడు భూములను మళ్లీ అడవిలో కలిపే బిల్లు. అది నెగ్గితే గోపయ్య రెండెకరాలూ పోతాయి.

ఎనభై ఏడు వేసవిలో ఎమ్మెల్యే సభకు వచ్చేసరికి పాటలకు బదులు మొదటి బిల్లప్పటి ఆయన పాత ఉపన్యాసమే మోగుతోంది: "ప్రాణం పోయినా చెయ్యెత్తను!" జనం ముసిముసిగా నవ్వుతున్నారు.

"ఏందిరా గోపయ్యా, పాటల్లేవా?"

"మీ మాటల ముందు పాటలేం పనికొస్తయ్ సార్? కొత్త క్యాసెట్టు గూడ ఎక్కించిన. పోడు బిల్లు ముచ్చట చెప్పున్రి."

ఎమ్మెల్యే తిరుగుతున్న క్యాసెట్టు వంక చూసి, మంచినీళ్లు తాగారు. "ఆ బిల్లుకు చెయ్యెత్తను," అన్నారు, గొంతు కాస్త తగ్గించి.

వారం తర్వాత పేపర్లో వచ్చింది. ఓట్లు చాలక బిల్లు వీగిపోయింది. ఆ రోజు మన ఎమ్మెల్యే భుజం నొప్పితో అసెంబ్లీకే వెళ్లలేదట.

"చెయ్యెత్తలేదు గద, మాట మీదున్నడు," అని భార్య అనంతమ్మతో చెప్పి, గోపయ్య జొన్న విత్తనాల మూట దించాడు.