నాలుగు గంటల నిశ్శబ్దం

సిరిసిల్లలో మా డయాలసిస్ వార్డులో, నొప్పి తెలియకుండా సూది గుచ్చుతానని నాకు పేరు. అయినా ఒకప్పుడు సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపిన రాజయ్య తాత ఈ రోజు, నరం దొరక్క రెండేసి సార్లు గుచ్చే సుజాత సిస్టర్ వైపు మంచం మార్పించుకున్నాడు.

"నా వల్ల తప్పేమైనా జరిగిందా, తాతా?" అని అడిగాను.

"గట్లేం లేదు బిడ్డా. సూది నొప్పి ఒక్క నిమిషం. నలబై ఏండ్లు సాంచాల సప్పుడుల బతికినోన్ని, నాలుగు గంటలు సప్పుడు లేకుంట ఎట్ల పండాలె? గా సుజాత తిడుతది, నవ్వుతది."

ఆరు నెలలుగా ఆయనను ఇబ్బంది పెట్టకూడదనే మౌనంగా ఉన్నాను. కాన్వెంట్‌లో చిన్నప్పుడు నెమ్మదస్తురాలినని బహుమతి ఇచ్చారు. ఇవాళ దాన్ని తిరిగి ఇచ్చేయాలనిపించింది.

గురువారం మళ్లీ వస్తాడు. సుజాత వైపున్న ఆయన మంచం దగ్గరికి వెళ్లి మొదటి మాట ఏమనాలి? మాటకారులెవరైనా చెప్పండి.