పుస్తకం వెంట మనిషిగా నాందేడ్‌కి

ఇది ఇప్పుడే రాయాలి. అడిగినవాళ్ళకు పాత పుస్తకాలను స్కాన్ చేసి సీడీ ఇచ్చే గది ఒకటి నాందేడ్‌లో ఉంది. దాన్ని ఈ నెలాఖరుకు మూసేసి, యంత్రాన్ని వేరే జిల్లాకు తరలిస్తారట. మొన్న బుధవారం నేను ఒక తెలుగు పుస్తకాన్ని అక్కడికి తీసుకెళ్ళి, మళ్ళీ ఇంటికి చేర్చాను. అలాంటి పుస్తకం ఇంట్లో ఉన్నవాళ్ళకూ, చదవాలనుకునేవాళ్ళకూ పనికొస్తుందని ఆ రోజు ఎలా గడిచిందో రాస్తున్నాను.

మాది నాందేడ్ జిల్లా బిలోలి తాలూకాలో, తెలుగు నేలకు ఆనుకున్న సరిహద్దు ఊరు. మా ఇంట్లో బడికి పోయిన మొదటి మనిషిని నేనే. చదివింది మరాఠీలో. తెలుగు అక్షరాలు సెలవుల్లో సరిహద్దు దాటి సాలూరా అవతల మేనమామ ఇంట్లో, ఆయన కూతురి వాచకాలు చూసి నేర్చుకున్నాను. ఇప్పుడు హైదరాబాద్‌లో ఎం.ఫిల్. చేస్తున్నాను, పొలం పనుల్లో ఆడవాళ్ళు వాడే పనిముట్ల మీద. మా అమ్మ చెప్పినవన్నీ రాసి చూపిస్తే మా గైడు "బాగుందమ్మా, అచ్చులో ఆధారం ఏది?" అన్నారు. ఆధారం మా ఊళ్ళోనే, నరహరి కాక బీరువాలో ఉంది. సేద్యం మీద ఒక పాత పుస్తకం. రాసినాయన పోయాక ఆయన కొడుకు అచ్చు వేయించాడు.

నరహరి కాక వాళ్ళది ఒకప్పుడు బట్టల దుకాణం. ఆయన తండ్రి ఇంటి ముందు గదిలో వాచనాలయం, అంటే చిన్న గ్రంథాలయం, పెట్టి తెలుగు పుస్తకాలు తెప్పించాడు. ఇప్పుడు పదకొండు మిగిలాయి. తాళంచెవి కాక మొలతాడుకే ఉంటుంది. నేను అడిగితే పుస్తకం తన చేతుల్లోనే పట్టుకుని మొదటి పేజీ, విషయసూచిక చూపించి మూసేశాడు. కలుపు, కోత పనుల మీద ఒక అధ్యాయం ఉందని అప్పుడే చూశాను.

"నేను మూడుసార్లు సదివిన దీన్ని. ఏం గావాలె నీకు, అడుగు" అన్నాడు.

స్కానింగ్ సంగతి చెప్పాను.

"ఫోటోలు తీసి ఏం జేస్తరు?"

"సీడీల పెడ్తరు కాకా. ఎవరడిగినా ఇస్తరు."

"పైసలెవరు తింటరు?"

"రాసినాయన పోయి, ఇది అచ్చయి గూడ అరవై ఏండ్లు దాటింది. చట్టం ప్రకారం ఇగ అది అందరిది."

"అందరిదైతే నా బీరువాల ఎందుకున్నది?" అన్నాడు కాక. "ఏదో మతలబు ఉన్నది. ఎనకట ఒక మాస్తరు రెండు పుస్తకాలు పట్కపోయిండు. మాస్తరు బదిలీ అయిండు, పుస్తకాలు గూడ బదిలీ అయినయి."

మా నాయన గడప బయట నిలబడి వింటున్నాడు. "నాది పూచీ, సేటు" అన్నాడు ఉన్నట్టుండి. కాక ఆయన వంక చూసి తలూపాడు. కూలికి పోయే మా నాయన పూచీని ఎవరైనా ఒప్పుకోవడం నేను అంతకుముందు చూడలేదు.

మా వైపు ఒక పద్ధతి ఉంది. పెళ్ళికి గంగాళాలు అరువిస్తే వాటి వెంట ఒక మనిషిని పంపుతారు. వంటయ్యి, తోమి, తిరిగి ఇల్లు చేరేదాకా ఆ మనిషి వాటి పక్కనే కూర్చోవాలి. కాక వాళ్ళ గంగాళాల వెంట మా అవ్వ పోయేది.

"మీ అవ్వ పోతే ఒక్క సొట్ట పడలే" అన్నాడు కాక. "పుస్తకం ఎంబడి నువ్వు పో. మిషిని కాడ దాంక ముడి ఇప్పొద్దు. బ్లేడు తగలొద్దు. పుస్తకాలు కోసి ఫోటో తీస్తరట, టీవీల జూసిన. అదే రోజు తిరిగి రావాలె. లేకుంటే ఈ బీరువా ఇగ తెరువ."

అలా పుస్తకం తువ్వాలలో మూటై నా ఒళ్ళోకి వచ్చింది.

బిలోలి నుంచి పొద్దున ఆరున్నరకు నాందేడ్ బస్సు ఉంది. నర్సి, నాయగావ్ మీదుగా రెండు గంటలు పైనే పడుతుంది. టికెట్టు నలభై దాటింది. ఎడమవైపు కూర్చుంటే నర్సి దాకా ఎండ పడదు. పక్క సీటు ముసలమ్మ నా ఒళ్ళో మూటనే చూస్తూ వచ్చింది.

"ఏంది బిడ్డా అది, దేవుని పటమా?"

"పుస్తకం అవ్వా."

"పుస్తకాన్ని గిట్ల కావలిచ్చుకుంటరా? బంగారమైతే బంగారమని చెప్పు, నేనేమన్న గుంజుకుంటనా?" అని మొహం తిప్పేసుకుంది. కండక్టరు మూట పైన పెట్టమన్నాడు. పెట్టనంటే, అయితే దానికీ సగం టికెట్టు తీయాలని మరాఠీలో అన్నాడు. బస్సంతా నవ్వింది. నేను మాత్రం నాయగావ్‌లో దిగి వెళ్ళేవాళ్ళ చేతుల వంకే చూస్తున్నాను.

నాందేడ్‌లో ఇప్పుడు రోడ్లన్నీ తవ్వి ఉన్నాయి. బస్టాండు నుంచి ఆటోవాలా ముప్పై అడిగాడు. "రస్తా ఖోదే సో హై బాజీ, పూరా ఘూమ్‌కే జానా పడ్తా" అన్నాడు, రోడ్డు తవ్వేశారక్కా, చుట్టూ తిరిగి పోవాలని. ఇరవైకి ఒప్పుకుని, నిజంగానే ఊరంతా తిప్పి తీసుకెళ్ళాడు. దారి తెలియదు కాబట్టి ఎక్కడికి తీసుకెళ్తున్నాడోనని ప్రతి మలుపులో దుకాణాల బోర్డులు చదువుకుంటూ కూర్చున్నాను.

ఆ గది ఒక పాత కాలేజీ గ్రంథాలయం వెనక ఉంది. ముందు గుమాస్తా దగ్గర దరఖాస్తు ఇవ్వాలి. "కశాసాఠీ?" అన్నాడాయన, ఎందుకోసం అని. చదువు కోసమన్నాను. నమ్మలేదు. పాత పుస్తకం పట్టుకుని వచ్చేవాళ్ళకు కావలసింది కులం సర్టిఫికెట్టుకో భూమి కేసుకో ఆధారమేనట, చదువుకోవడానికి ఎవరూ రాలేదట. నా కాలేజీ కార్డు రెండువైపులా తిప్పి చూసి, ఎవరు పంపించారని మళ్ళీ అడిగాడు. అక్కడి నియమాలు రెండే. రచయిత పోయి, పుస్తకం అచ్చయి అరవై ఏళ్ళు దాటి ఉండాలి, ఫలానా చదువరి అడిగాడని కాగితం ఉండాలి. ఎవరూ అడగని పుస్తకాన్ని యంత్రం మీద పెట్టరు. పేజీకి అర్ధరూపాయి, సీడీకి ఇరవై.

యంత్రం నడిపే అబ్బాయి సతీష్. బల్ల మీద పుస్తకాన్ని సగం తెరిచి నిలిపే పీట, పైన కెమెరా, రెండు వైపులా దీపాలు. కీబోర్డు పక్కన ఒక బ్లేడు. నా కళ్ళు ముందు ఆ బ్లేడు మీదే పడ్డాయి.

"అది ఎందుకు?" అన్నాను మరాఠీలో.

అతను నా దరఖాస్తు చూసి, నన్ను ఎగాదిగా చూశాడు. "తెలుగోళ్ళా? మా ఇంట్ల తెలుగే తాయీ" అన్నాడు, అక్కా అనడానికి మరాఠీ మాట వాడి. "తాతలు కరీంనగర్ దిక్కు నుంచి మిల్లు పనికి అచ్చిండ్రు. అది పార్సిల్ టేపు కోసేదానికి."

"జర అవతల పెట్టు."

బ్లేడు తీసి సొరుగులో పెట్టాడు. "కాగితం ఇచ్చి పొండి. సాయంత్రం అచ్చి తీస్కపొండి."

"నేను ఇక్కన్నే కూసుంట."

"ఏంది, తనిఖీకి పంపిండ్రా మిమ్మల్ని?" అన్నాడు. ముడి విప్పి పుస్తకం పీట మీద పెట్టాక మాత్రం నేను ఉండటమే మంచిదయింది. మాట్లాడటం వచ్చు కానీ సతీష్‌కు తెలుగు చదవడం రాదు. పేజీ అంకెలు కూడా తెలుగు అంకెలే. నేను అంకె చదివితే అతను మీట నొక్కి, పేజీ తిప్పేవాడు. అలా నలభై ఎనిమిది, నలభై తొమ్మిది దాకా వచ్చాం. అతను తిప్పాడు. ఎడమ పేజీ మీద యాభై రెండు ఉంది.

"రెండు పేజీలు ఎగరగొట్టినవు" అన్నాను.

"ఒక్కటే తిప్పిన."

"యాభై, యాభై ఒకటి ఏవి మరి? చెయ్యి చూపియ్యి."

"నేనేమన్న మింగిన్నా తాయీ?" అని రెండు చేతులూ చాపాడు. మళ్ళీ తిప్పాడు. యాభై మూడు తర్వాత యాభై ఆరు. అప్పుడు ఆ కాగితాన్ని వేళ్ళ మధ్య పట్టుకుని చూశాను. మందంగా ఉంది. అంచు దగ్గర రెండు కాగితాలు కలిసే ఉన్నాయి. అచ్చయిన పెద్ద కాగితాన్ని మడిచి కుట్టారు గానీ, మడతలు కోయనే లేదు. అక్కడి నుంచి చివరిదాకా అంతే. నాకు కావలసిన అధ్యాయంలో సగం పేజీలు ఆ మడతల లోపలే ఉన్నాయి.

అంటే అచ్చయిన నాటి నుంచి ఎవరూ అక్కడికి రాలేదు. మూడుసార్లు చదివానన్న కాక కూడా.

"ఇక్కడ ఇడిచిపెట్టి పొండి, రేపటికి నేను చేసి పెడ్త" అన్నాడు సతీష్. సొరుగు వంక చూశాడా, నాకే అలా అనిపించిందా, తెలియదు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. లోడ్ షెడ్డింగ్, మళ్ళీ మూడింటికే. అతను డబ్బా పట్టుకుని భోజనానికి లేచాడు. బీరువాలో పెట్టి తాళం వేస్తానన్నాడు. వద్దన్నాను. పుస్తకాన్ని తువ్వాలలో చుట్టి, చంకలో పెట్టుకుని గేటు దగ్గర రూపాయి బిళ్ళ వేసే ఫోను దగ్గరికి వెళ్ళాను.

మా ఊళ్ళో ఫోను కిరాణా దుకాణంలో ఉంది. మొదటి గంటకే ఎత్తింది మా నాయన. పనికి పోకుండా పొద్దుటి నుంచి అక్కడే కూర్చున్నాడట.

"ఏమైంది? పోయిందా?"

"పోలే నాయనా. కాకను పిలువు."

కాసేపాగి మళ్ళీ చేశాను. కాక గొంతు ఆయాసంగా ఉంది. "మంచిగుంటే ఫోన్ ఎందుకు?"

ఉన్నది చెప్పాను. కోస్తే తప్ప లోపలి పేజీలు కనపడవు, కోయకపోతే పుస్తకం పూర్తిగా సీడీలోకి రాదు, నా అధ్యాయమూ సగమే వస్తుంది. ఇంకో రూపాయి వేశాను.

"ఎంత దాంక తెరిచున్నయి?" అన్నాడు కాక.

"నలభై తొమ్మిది."

"అయితే మా నాయిన గంత దాంక సదివిండు" అన్నాడు. "పొద్దూకినంక అరుగు మీద కూసొని గట్టిగ సదువుతుండె, నేను ఇంటుంటి. ఎన్క ఆయినకు మోతిబిందు అచ్చి పొర గమ్మింది, కండ్లు పోయినయి. నాది ఉర్దూ బడి బిడ్డా. నాకు తెలుగు అక్షరం రాదు."

వెనక ఎవరో నవ్వినట్టు వినపడింది. "ఇననీ, ఏమైతది" అన్నాడు కాక, వాళ్ళకో నాకో. తర్వాత గొంతు మామూలుగా మారిపోయింది. "కొయ్యి. వాని చేతికియ్యకు, నువ్వే కొయ్యి. బ్లేడు ఒద్దంటే ఒద్దే. ముక్క రాల్తే ఆ ముక్క గూడ పట్కరా. ఇంగొకటి. అచ్చినంక ముంగటిది సదివి ఇనిపియ్యాలె."

మా నాయన ఫోను అందుకుని "జర పైలం బిడ్డా" అన్నాడు.

కిటికీ పక్క వెలుతురులో కూర్చుని సతీష్ బల్ల మీది స్టీలు స్కేలుతో మొదలుపెట్టాను. స్కేలు అంచు మడతలో పెట్టి కొద్దికొద్దిగా బయటికి నెట్టాలి. తొందరపడితే పాత కాగితం పెళుసుగా చీలుతుంది. రెండుచోట్ల చిన్న పెచ్చులు లేచాయి. వాటిని ఏరి కవరులో వేశాను. భోజనం చేసి వచ్చిన సతీష్ పక్కన కూర్చుని, తను తెచ్చిన పోహే, అంటే అటుకుల ఉప్మా, పొట్లం నా వైపు జరిపాడు. నా జొన్నరొట్టె సగం తీసుకున్నాడు. మూడింటికి కరెంటు వచ్చాక నేను అంకెలు చదువుతూంటే, "నంబరు కాదు తాయీ, ఒక లైను సదువుండ్రి, ఏం రాసిండో సూద్దాం" అన్నాడు. బస్సుకు ఆలస్యమవుతుందేమోనని చదవలేదు. దానికి ఇప్పుడు బాధగా ఉంది.

ఆఖరి బస్సును సరిగ్గా అందుకున్నాను. ఇంటికి చేరేసరికి కాక మా గుడిసె ముందు కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. మూట విప్పి, బొటనవేలితో అంచులన్నీ తడిమాడు. కవరులోని పెచ్చులు అరచేతిలో పోసుకుని చూశాడు. తర్వాత మా నాయనతో "నీ పూచీ తీరింది" అన్నాడు. మా నాయన లోపలికి పోయి దీపం తెచ్చి నా పక్కన పెట్టాడు.

యాభయ్యో పేజీ చదివాను. విత్తనాలను బూడిద కలిపి ఎండలో ఎలా ఆరబెట్టాలో ఉంది అందులో.

"గిదేనా?" అన్నాడు కాక. "గింత దానికేనా నేను గిన్నేండ్లు తాళమేసిన?"

నేను ఆగాను.

"ఆపినవేంది? సదువు."

ఆ రోజు నేను అనుమానించని మనిషి లేడు. ముసలమ్మ, ఆటోవాలా, సతీష్, చివరికి కాక కూడా. వాళ్ళూ నన్ను అలాగే చూశారు. అనుమానం పూర్తిగా పోయిందని చెప్పను. మర్నాడు బిలోలి నెట్ సెంటర్‌లో సీడీ పెట్టి పేజీలన్నీ ఒక్కొక్కటే చూసుకున్నాను. అన్నీ ఉన్నాయి. కానీ వెంట ఒక మనిషి కూర్చోవడం వల్లే ఆ పుస్తకం గడప దాటింది, మడతలూ తెరుచుకున్నాయి. మా అవ్వ అన్ని పెళ్ళిళ్ళలో గంగాళం పక్కన కూర్చుని ఏం చూసేదో ఇప్పుడు కొంచెం తెలుస్తోంది. మీరు వెళ్ళేముందు ఒక్క పని చేయండి. ఇంటి దగ్గరే పేజీ అంకెలు వరసగా చదివి చూసుకోండి. అంకె ఎగిరితే మడత ఉన్నట్టు, కోయాలో వద్దో ఇంటివాళ్ళతో అక్కడే మాట్లాడుకోవచ్చు.

మిగతా పది పుస్తకాలు ఇంకా బీరువాలోనే ఉన్నాయి. కాశీయాత్ర చేసిన ఒకాయన రాసుకున్నది, ఇంటి వైద్యం, భూమి కొలతల లెక్కలు, రెండు యక్షగానాలు, ఇంకా నేను పేరు కూడా చూడనివి. అడిగేవాళ్ళు లేనిదే గదిలో స్కాన్ చేయరు. ఎందుకు అడుగుతున్నారో తెలియనిదే కాక ఇవ్వడు. ఉత్త పేరు రాస్తే మతలబు ఉందంటాడు. కాబట్టి ఏది కావాలో, ఎందుకు కావాలో కింద వ్యాఖ్యలో రెండు వాక్యాలు రాయండి. వాటిని కాకకు చదివి వినిపిస్తాను. ఇరవై ఆరున నాందేడ్ బస్సెక్కాలి, అందుకని మీ జవాబు ఈ నెల ఇరవై అయిదో తేదీ సాయంత్రం లోపు నాకు అందాలి.