అంజినప్ప ముంజేతి అంకె

నిఘంటువు పుట తిప్పబోతూ వేలికొనను నాలుకకు తాకించినప్పుడల్లా, పాతకాగితపు ధూళిరుచి వెంట బావిబురద వాసన ఒకటి ఎక్కడినుంచో వచ్చి నన్ను పలకరిస్తుంది. "తాతా, ఎంగిలి!" అని మనుమరాలు ముక్కు చిట్లిస్తుంది. ఈ వేలి తడి నాకు ఏ పండితుని వద్దనూ అబ్బినది కాదు. నీటి అడుగున పనిచేసిన అంజినప్ప వద్ద అబ్బినది.

అంజినప్ప మా బలసముద్రంవాడే. యౌవనమంతా బొంబాయి రేవులోనూ, ఆపై అరబ్బు దేశాల తీరాలలోనూ నీట మునిగి ఇనుము అతికే పని చేసి, తొంభైల నడుమ ఇక సముద్రం చాలునని ఊరు చేరాడు. వానలు మొగం చాటేసి, వేరుసెనగను బావులే కాపాడవలసి వచ్చిన కాలమది. నీరు దిగినకొద్దీ రైతులు మోటారును బావిలోపలే కిందికి దించి, గోడకు అడ్డంగా వేసిన దూలాలపై నిలిపేవారు. దూలం జారితే మోటారు నీళ్ళపాలు. అలా మునిగినవాటిని వెలికితీయడం అంజినప్పకు వృత్తి అయింది. ఆయన వద్ద వీపున తగిలించుకొనే గాలిబుడ్డి ఒకటి, ముంజేతికి కట్టుకొనే చిన్న కంప్యూటరు ఒకటి ఉండేవి. బుడ్డిలో ఎంత గాలి మిగిలిందో, అది ఎన్ని నిమిషాలకు వస్తుందో, నడుమ తీగ ఏదీ లేకుండానే ఆ కంప్యూటరు అంకెలలో చూపేది.

దాని చేష్టలు చూడడానికే జనం బావిగట్టున చేరేవారు. తడి తగిలితే తప్ప అది మేలుకొనదు. అంజినప్ప రెండు వేళ్ళు నాలుకపై తడుపుకొని దాని లోహపుచుక్కలపై అదిమేవాడు. కంప్యూటరు కిచుక్కుమని కళ్ళు తెరిచేది. పిమ్మట ఎడమచేతిని రొమ్ముకు ఆనించి కాసేపు నిలిచేవాడు.

"ఏందప్పా, ఎవురికి దండం పెడతావుండావు?" అని అడిగింది పొరుగింటి ఈరమ్మవ్వ.

"దండం గాదవ్వా. వీపు మీది బుడ్డి చెప్పే మాట దగ్గరుంటేనే దీనికి వినపడతాది. చెయ్యి చాపితే చెవుడు."

"ఇంగేం చేస్తాది?"

"రొప్పితే నిమిషాలు కోసేస్తాది. నెమ్మదిగా గాలి పీలిస్తే మళ్ళా ఇస్తాది. మా అమ్మ మాదిరి!"

ఆ గాలిని నింపించుకోవడానికి బెంగుళూరుకు పోవలసిందే. ఒకసారి తిరుగుప్రయాణంలో నేనూ అదే బస్సులో ఉన్నాను. కండక్టరు బుడ్డిని చూసి అడ్డుపడ్డాడు.

"గ్యాసు బస్సులో ఎక్కించేదానికి లేదు."

"గ్యాసు గాదు సామీ, బరీ గాలి. మనం పీల్చే వట్టి గాలే."

"గాలా? పావగడలో గాలికేం కరువొచ్చిందని బెంగుళూరు నుంచి మోస్తావుండావు?"

బస్సంతా నవ్వింది. గాలికి లగేజీ టికెట్టు తీసుకున్న మొదటి మనిషి తానేనని చెప్పుకొంటూ అంజినప్ప ఆ టికెట్టును చాలాకాలం జేబులో పెట్టుకొని తిరిగాడు.

నేను అప్పట్లో పావగడలో ఉన్నత పాఠశాల తెలుగు ఉపాధ్యాయుణ్ణి. ప్రాచీన కావ్యాలు చదివినవాడినన్న గర్వం నిండుగా ఉండేది. ఒకనాడు పద్యపాఠంలో ఒక బాలిక లేచి, "సార్, కుల్య అంటే ఏంది?" అని అడిగింది. నాకు తెలియదు. అయినా తడుముకోకుండా, "అదొక జాతి తీగ" అన్నాను. నలభైమంది శ్రద్ధగా రాసుకున్నారు. సాయంత్రం నిఘంటువు చూస్తే, అది తీగ కాదు, పంటకాలువ. దిద్దవలసినదే, కానీ తరగతిలో ఏ మొగం పెట్టుకొని దిద్దను? పుస్తకం మూసివేశాను.

ఆ వారంలోనే మా మోటారు బావిలో పడింది. తమ్ముడు నాగరాజు సాగుచేసే మూడెకరాల వేరుసెనగ అప్పుడే ఊడలు దిగుతున్నది. నాలుగైదు రోజులలో ఒక తడి అందకపోతే కాయ లేదు. ఆ ఏడాదికి ఇంటికి పంట లేదు. ఊరి ఈతగాళ్ళు మునిగి చూసి, ఊపిరి చాలక తేలివచ్చారు. అంజినప్ప దిగాడు. అతని నడుముకు కట్టిన సైగతాడు నా చేతిలో ఉంది. ఒకసారి లాగితే క్షేమం, నాలుగుసార్లు లాగితే మోటారుకు కట్టిన మోకును పైకి చేదాలి. గట్టున ఊరు ఊరంతా నిలిచింది.

కొంతసేపటికి నీరు కలకబారింది. నాలుగు లాగుళ్ళ కోసం ఎదురుచూస్తుండగా అంజినప్ప తలే పైకి వచ్చింది.

"కట్టినావా అన్నా?" అని అరిచాడు నాగరాజు.

"ఇంగొక్క ముడి ఉండాది."

"మరి ఏంటికి వచ్చేస్తివి!"

"అంకె పోయినాది. చెయ్యి రొమ్ముకాడ పెట్టుకొని చూసినా. రాలే."

నాకు కోపం ఆగలేదు. "అరగంటకు గాలి ఉండాదని నువ్వే చెప్తివి కదప్పా! ఇప్పుడే కదా దిగినావు!"

"అప్పుడు ఉన్నింది అయివారూ. ఇప్పుడెంత ఉండాదో నాకు తెలీదు. తెలీకుండా, తెలిసినట్ల ఆడ కూర్చోమంటావా?"

మెట్టుపై కూర్చొని, బుడ్డి గాలిమరను కట్టేసి మళ్ళీ విప్పి, కంప్యూటరు చుక్కలపై తడివేళ్ళు అదిమాడు. అంకె వచ్చింది. గాలి సగానికి పైగా ఉంది! గట్టు ఘొల్లుమన్నది. "వట్టి పున్యానికి పైకొచ్చినాడురా!" అని ఎవరో ఈల వేశారు. అందరికంటే బిగ్గరగా నవ్వినవాడు అంజినప్పే. "దానికి చెవుడు, నాకు భయం. జోడీ బాగా కుదిరినాది!" అన్నాడు.

ఊరందరి ముందు ఒక్క ముడి మిగిల్చి వచ్చి, 'నాకు తెలీదు' అని పలికి, ఆ నవ్వులో తానూ కలిసినవాణ్ణి చూస్తూ, నలభై పుస్తకాలలో నేను పాకించిన తీగను తలచుకున్నాను.

రెండవమారు దిగినప్పుడు ఎడమచేయి రొమ్మును వదలకుండా కుడిచేత్తోనే ముడి బిగించాడట. తాడు నాలుగుమార్లు కదిలింది. పదిమందిమి మోకు చేదగా, బురద కారుతూ మోటారు వెలుగులోకి వచ్చింది. ఒడ్డెక్కిన అంజినప్ప ముంజేయి చూపి, "విమానం బొమ్మ వచ్చినాది. లోతు నీళ్ళలో మునిగినాను గదా, ఈ పొద్దంతా నేను విమానమెక్కకూడదంట" అన్నాడు. ఈరమ్మవ్వ ఆదుర్దాగా, "పావగడ బస్సయితే ఎక్కొచ్చునా నాయనా?" అని అడిగింది. ఆనాటి నవ్వు నాకింకా వినిపిస్తుంది.

మరునాడు తరగతిలో నిఘంటువు బల్లపై పెట్టి, "కుల్య తీగ కాదు, పంటకాలువ. తెలియక తెలిసినట్లు చెప్పాను" అన్నాను. ఆ బాలికే లేచి, "అట్లయితే ఆ తీగ కొట్టేసేదా సార్?" అంది. "వేరుతో సహా కొట్టేయండి" అన్నాను. పిల్లలు నవ్వారు, వారితో నేనూ నవ్వాను. ఆ సాయంత్రమే, ఆరబెట్టి బాగుచేసిన మోటారు మా చేనికి తడినిచ్చింది.

ఇప్పుడా బావి లేదు. ఆ నేలపై సౌరఫలకాలు పరుచుకొని ఉన్నాయి. అంజినప్పా లేడు. మనుమరాలు ఏదో మాటకు అర్థం అడిగితే, నా ఎడమచేయి దానంతటదే రొమ్ముపైకి వెళుతుంది. "తాతకు గూడా తెలీదా?" అని ఆ పిల్ల కళ్ళు మెరిపిస్తుంది.

"తెలీదమ్మా. ఉండు, చూద్దాం" అంటూ వేలు తడుపుకొంటాను.