గోల్ ముందు మేక

మా మనవరాలి కార్టూన్‌లో గోల్ కాపలా కాసేది మేక. అక్కడే నాకు మొదటి అనుమానం వచ్చింది.

ఆ లోకంలో ఊళ్లు మబ్బుల మీద ఉంటాయి. జంతువులే మనుషుల్లా బతుకుతాయి. నీళ్ల తగువైనా దారి తగువైనా కోర్టు లేదు, పంచాయితీ లేదు. ఫుట్‌బాల్ ఆడి తేల్చుకుంటాయి. ఓడిన ఊరు నోరు మూసుకుని ఒప్పుకుంటుంది. ఇది నేను నమ్మను. మేముండే ఈ హిందీ ఊళ్లో, బిర్సానగర్‌లో, నేను గోలీగా ఆడిన ఖస్సీ టోర్నమెంట్లలో ఓడినవాళ్లు రిఫరీ సైకిల్‌కి గాలి తీసేసేవారు. గెలిచిన జట్టుకి కప్పు కాదు, బలిసిన మేకపోతు ఇచ్చేవారు. అదే ఖస్సీ. దాని మెడలో దండేసి నా గోల్ స్తంభం పక్కనే కట్టేవారు. మ్యాచ్ అంతా ఆకులు నములుతూ నా వీపు చూసేది. సాయంత్రానికి కూరయ్యేది.

"ఏటే, ఆ మేక ఓడిపోతే దాన్ని ఎవులు తింటారు?" అని అడిగాను.

"ఛీ తాతా! వో తో హీరో హై. హీరోని ఎవులైనా తింటారేటి?"

పదకొండేళ్ల పిల్ల. ఆదివారం వాళ్ల బడిలో ఆడపిల్లల జట్టుకి ఎంపిక. గోలీ చోటు ఒక్కటే. దానికోసం ఆ కార్టూన్ మీద వచ్చిన ఆటనే రోజూ ఫోన్‌లో ఆడుతోంది. మేక తనే. ఒక్క బంతి లోపలికి పోనివ్వదు. ఇది రెండో అనుమానం. ఏ గోలీ అయినా ఒకటైనా వదులుతాడు.

పక్కన కూర్చుని చూశాను. అవతలివాడు తన్నకముందే బంతి పోబోయే మూల ఎర్ర బాణం వెలుగుతోంది. పిల్ల అటు వేలు జరుపుతోంది.

"ఆదివారం నీకా బాణం ఎవులు చూపిత్తారే?"

గ్రౌండ్‌కి తీసుకెళ్లాను. అరిగిన మోకాలితోనే ఐదు తన్నాను. ఐదూ లోపలికే. పిల్ల కదల్లేదు, బాణం కోసం చూస్తోంది.

"నువ్వు చెప్పకుండా కొడతన్నావు!"

"చెప్పి కొట్టేవోడు ఎక్కడున్నాడే? తన్నే కాలు చూడకు. బంతి పక్కన ఆనించిన కాలు చూడు. దాని వేళ్లు ఎటుంటే బంతి అటే."

"మేక కూడా వహీ దేఖ్‌తా హై," అంది మూతి ముడుచుకుని.

నమ్మలేదు. ఇంటికొచ్చాక కార్టూన్ పెట్టి, బొమ్మ ఆపి చూపించింది. నిజమే. మేక కళ్లు ఆనించిన కాలి మీదే ఉన్నాయి. కార్టూన్‌లో ఎక్కడా బాణం లేదు. ఆ మేకని గీసినవాడెవడో గోల్లో నిలబడ్డవాడే. మరి ఫోన్‌లోకి బాణం తెచ్చిందెవడు?

నాకు అక్షరాలు యాభై దాటాక, సాయంత్రం బడిలో వచ్చాయి. ఇప్పటికీ వేలు పెట్టి కూడబలుక్కుంటాను. ఆటని తెలుగులోకి మార్పించి, సెట్టింగుల్లో ఉన్న మాటలన్నీ చదివాను. అట్టడుగున దొరికింది: 'బాణం సాయం'. ఆపేశాను. ఆ పూట మేక వరసగా ఓడింది. పిల్ల ఫోన్‌ని మంచం మీదకి విసిరేసింది. మర్నాడు మాత్రం నా చెప్పులు తెచ్చి ముందు పడేసి, గ్రౌండ్ వైపు నడిచింది.

ఆదివారం మాస్టారు ఒక్కొక్కరికీ ఐదు బంతులు తన్నారు. పిల్ల రెండు ఆపింది. మిగతావాళ్లెవరూ ఒకటికి మించి ఆపలేదు. చోటు దొరికింది.

ఇంటికి రాగానే ఫోన్ తీసింది. ఎర్ర బాణం మళ్లీ వెలుగుతోంది.

"నువ్వే పెట్టావు కదే?"

"కసమ్ సే నై, తాతా! అప్‌డేట్ వచ్చింది. దానికదే ఆన్ అయిపోయింది."

పిల్లని నమ్మాను. ఫోన్‌ని నమ్మలేదు. కళ్లద్దాలు తెమ్మన్నాను.